కర్రనానుకొని చేసిన ఆరాధన

(వాక్యభాగములు: ఆదికాండము 32:24-31, 33:12-14, హెబ్రీయులకు 11:21, 12:12-13)

మీరు మీ పరిశుద్ధ గ్రంథములను తెరచి పైన ఇచ్చిన భాగములను ఒకసారి చదువుకొని, తరువాత ఈ మాటలు చదవవలసిందిగా కోరుచున్నాను.

ఈ దినం మనం ధ్యానించే అంశం ఒక నొప్పిని గురించినది. మోకాలి చిప్పలు అరిగిపోయి, డాక్టర్లు చెప్పగా ధైర్యం చేసి, మోకాలు మార్పిడి ఆపరేషన్ చేయించుకొని, నెలలు గడిచినా నొప్పి పూర్తిగా తగ్గని వారిని గురించినది. ఖిలా వరంగల్ కోట లోపలి ఇళ్ళల్లో గాని, బయట కరీమాబాద్, శివనగర్ వైపు గాని కుటుంబ ప్రార్థనలకు వెళ్ళినప్పుడు, పెద్ద వయసు తల్లుల నోట ఇంచుమించు ఒకే మాట వినబడుతుంది. "అయ్యగారూ, ఆపరేషన్ అయ్యి ఏడు నెలలైంది. నెల తిరగకముందే లేచి తిరుగుతావన్నారు. రాత్రయితే కాలు సలుపుతుంది. అందరూ మోకరిస్తే నేనొక్కదాన్నే కుర్చీలో కూర్చుంటున్నా. దేవుడు నా ప్రార్థన వింటున్నాడంటారా?"

ప్రియులారా, ఈ మాటలో మూడు ప్రశ్నలున్నాయి. నొప్పి ఇంకా ఎందుకుంది? నా విశ్వాసం తక్కువైనందువల్లనా? మోకరించలేని నేను ఎలా ప్రార్థించాలి? మొదటి ప్రశ్నకు వైద్యులు జవాబు చెబుతారు. మిగతా రెండింటికి వాక్యం జవాబు చెబుతుంది. ఒకదానితో ఒకటి కలిపి చూద్దాం.

మారింది ఎంత? మారనిది ఎంత?

"మోకాలు మార్చారు" అని మనం అంటాం. ఆ మాట విన్నవారికి పాత కాలు తీసి కొత్త కాలు పెట్టారేమో అనిపిస్తుంది. జరిగేది అది కాదు. తొడ ఎముక కింది చివర, కాలి ఎముక పై చివర అరిగిపోయిన పొరను కొన్ని మిల్లీమీటర్ల మందాన కోసి, ఆ చివరలకు లోహపు తొడుగులు అమర్చుతారు. రెండింటి మధ్య గట్టి ప్లాస్టిక్ పలకను పెడతారు. అంతే. చుట్టూ ఉన్న కండరాలు, నరాలు, చర్మం, రక్తనాళాలు అన్నీ దేవుడు తల్లి గర్భంలో నిర్మించినవే. వాటిని పక్కకు జరిపి, కోసి, మళ్ళీ కుట్టారు. లోహం ఆపరేషన్ బల్ల మీదనే సిద్ధమైపోయింది. మాంసం మాత్రం తనకు దేవుడు నియమించిన వేగంతోనే మానుతుంది. డాక్టరు గారి చెయ్యి ఎంత మంచిదైనా ఆ వేగాన్ని మార్చలేదు.

ఇంకొక సంగతి గమనించండి. పది పదిహేనేళ్ళు నొప్పితో కుంటిన మనిషికి తొడ ముందుభాగం కండరం సన్నబడిపోయి ఉంటుంది. నొప్పి వార్తను ఏళ్ళ తరబడి మెదడుకు మోసిన నరాలు, కారణం తీసివేసిన తరువాత కూడా కొంతకాలం అదే వార్త మోస్తూ ఉంటాయి. దొంగ పారిపోయినా వీధి కుక్క మరి కాసేపు మొరిగినట్టు! మరికొందరికి నడుములో గాని తుంటిలో గాని ఉన్న సమస్య మోకాలి దగ్గర నొప్పిగా తెలుస్తుంది.

ఎంత కాలం?

సాధారణంగా ఆపరేషన్ అయిన నాడో మరునాడో వాకర్ పట్టించి నిలబెడతారు. మొదటి రెండు వారాలు వాపు, కమిలిన మచ్చలు, నిద్రలేమి ఉంటాయి. ఆరు వారాలకు చాలామంది కర్ర సాయంతోనో, సాయం లేకుండానో ఇంట్లో తిరుగుతారు. మూడు నెలలకు వంట, స్నానం, దగ్గరి నడక వంటి పనులు సులువవుతాయి. అయితే వాపు, ముట్టుకుంటే వెచ్చగా ఉండడం మూడు నుండి ఆరు నెలలు, కొందరికి అంతకన్నా ఎక్కువ కాలం ఉండవచ్చు. పూర్తి ఫలితం తెలియడానికి ఒక సంవత్సరం పడుతుంది. కోత మచ్చకు బయటి వైపున కొంత చర్మం మొద్దుబారి ఉంటుంది. అక్కడి సన్న నరం కోతలో తెగడమే దానికి కారణం. అది కొందరికి అలాగే ఉండిపోతుంది. నడిచేటప్పుడు లోపల "టిక్కు టిక్కు"మని శబ్దం రావడం కూడా చాలామందికి ఉండేదే.

ఈ ఆపరేషన్ చాలామందికి గొప్ప మేలు చేసింది. అయినా సత్యం దాచకూడదు. అన్నీ సరిగా జరిగినా, 100 మందిలో సుమారు 10 నుండి 20 మందికి ఎంతో కొంత నొప్పి మిగిలే ఉంటుందని వైద్యులు చెబుతున్నారు. ఈ మాట మిమ్మును భయపెట్టడానికి చెప్పడం లేదు. "అందరికీ తగ్గింది, నాకొక్కదానికే తగ్గలేదు, నాలో ఏదో పాపముంది" అని రాత్రివేళ కుమిలిపోయే తల్లికి ఆ పది ఇరవై మంది కూడా ఉన్నారని తెలియాలి.

ఈ దేశంలో అందరికీ తెలిసిన ఒక రోగిని జ్ఞాపకం చేసుకుందాం. అటల్ బిహారీ వాజపేయి గారు ప్రధానమంత్రిగా ఉండగా 2000 అక్టోబరులో ముంబయి బ్రీచ్ కాండీ ఆసుపత్రిలో ఎడమ మోకాలికి, 2001 జూన్‌లో కుడి మోకాలికి ఈ ఆపరేషన్ జరిగింది. చేసినది డాక్టర్ చిత్తరంజన్ రణావత్ గారు. 1970లలో న్యూయార్క్‌లో డాక్టర్ జాన్ ఇన్సాల్ మొదలైన వారితో కలిసి నేటి కృత్రిమ మోకాలి నమూనాను రూపొందించిన వారిలో ఆయన ఒకరు. అంటే ఆ కీలును తయారుచేసిన చేతులే వచ్చి ఆపరేషన్ చేశాయి. అయినా ఆ తరువాతి సంవత్సరాల్లో వాజపేయి గారు ఎంత మెల్లగా అడుగులు వేసేవారో టీవీలో చూసినవారికి గుర్తుండే ఉంటుంది. రెండవ ఆపరేషన్ అయిన మరుసటి నెలలోనే, 2001 జూలైలో, ఆగ్రా చర్చలకు కూర్చున్నారు. 2004 మే వరకు దేశాన్ని నడిపించారు. మెల్లగా నడిచినంత మాత్రాన పని ఆగిపోలేదు.

తొడ కుంటుతూ వెళ్ళిన మనిషి

ఇప్పుడు వాక్యంలోకి వద్దాం. యబ్బోకు రేవు దగ్గర యాకోబు రాత్రంతా పెనుగులాడాడు. తెల్లవారే వేళకు ఆశీర్వాదం దొరికింది, కొత్త పేరు దొరికింది. అయితే ఆ రాత్రే అతని తొడగూడు వసిలింది. సూర్యుడు ఉదయించగా అతడు పెనూయేలు దాటి వెళ్ళాడు, కుంటుతూ వెళ్ళాడు.

అతనికి వచ్చింది తుంటి బాధ, మోకాలి బాధ కాదు. అయినా మనకు ఇక్కడ నేర్చుకోవలసినది ఉంది. ఆశీర్వాదమూ కుంటితనమూ ఒకే మనిషిలో, ఒకే ఉదయాన ఉన్నాయి. దేవుడు దీవించాడు గనుక కుంటడం ఆగిపోవాలని ఆ అధ్యాయం చెప్పదు. కుంటుతున్నాడు గనుక దీవెన పోయిందని కూడా చెప్పదు.

తరువాతి అధ్యాయం చదవండి. నాలుగు వందల మందితో వచ్చిన ఏశావు, "పద, కలిసి ప్రయాణం చేద్దాం" అన్నాడు. యాకోబు ఒప్పుకోలేదు. పిల్లలు పసివారు, పాలిచ్చే మందలున్నాయి, ఒక్క రోజు వడిగా తోలినా అవి చనిపోతాయి, వాటి నడకకు తగినట్టు నేను మెల్లగా వస్తానన్నాడు. తన కుంటును గురించి అతడు చెప్పలేదు గాని, రాత్రే తొడగూడు వసిలిన మనిషి ఆ మాట అంటున్నాడని మనం మరచిపోకూడదు.

ప్రియ సహోదరీ, మీ ముందు కూడా ఏశావులు నడుస్తుంటారు. "మా వదినకు ఇరవై రోజులకే నడక వచ్చింది." "మా మామయ్య రెండు కాళ్ళకూ ఒకేసారి చేయించుకొని నెలకే పొలం వెళ్ళాడు." వాళ్ళను చూసి దేవునికి స్తోత్రం చెప్పండి, గాని వాళ్ళ నడకను మీ కాలికి కొలతగా పెట్టుకోవద్దు. వయసు వేరు, బరువు వేరు, షుగరు వేరు, అరిగిన తీరు వేరు. మీరు పోల్చుకోవలసింది పోయిన నెల మీ నడకతో. మనముంటున్న ఈ కోటనే చూడండి. గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతి గోడను ఆయన కుమార్తె రుద్రమదేవి పూర్తి చేసింది. ఒక తరం మొదలుపెడితే మరో తరం ముగించింది. ఆలస్యంగా పూర్తయిందని ఆ గోడను ఎవరూ తక్కువ చేసి మాట్లాడరు.

"విశ్వాసం చాలలేదు" అనేవారికి

రెండవ ప్రశ్నకు వద్దాం. కొందరు పరామర్శకు వచ్చి, ప్రార్థన చేసి, వెళ్ళేటప్పుడు ఒక మాట విసిరి వెళ్తారు: "విశ్వాసముంటే ఈపాటికి నొప్పి పోయేదమ్మా." ఆ మాట ఆపరేషన్ కోత కన్నా లోతుగా దిగుతుంది.

శృంగారమను దేవాలయపు ద్వారం దగ్గర కుంటివాడు ఒక్క క్షణంలో లేచి గంతులు వేశాడు, నిజమే. దేవుడు అలా చేయగలడు, నేటికీ చేస్తాడు. కాని అదే బైబిలు బేత్సయిదాలో ఒక గ్రుడ్డివానిని కూడా చూపిస్తున్నది. ప్రభువు మొదట ముట్టినప్పుడు అతనికి మనుషులు చెట్లవలె కనబడ్డారు. మరల ముట్టినప్పుడు తేటగా చూశాడు. ఆ రెండు తాకుల మధ్య నిలబడిన మనిషిని ప్రభువు గద్దించలేదు. ఇంకా స్పష్టంగా కనబడడం లేదని అతడు దాచకుండా చెప్పాడు. ఆయన విన్నాడు, మరల చేయి వేశాడు. మీరు ఇప్పుడు ఆ రెండు తాకుల మధ్యనే ఉన్నారేమో! "నాకు ఇంకా నొప్పిగా ఉంది ప్రభువా" అని చెప్పడం అవిశ్వాసం కాదు, అది సత్యం పలకడం.

పౌలును చూడండి. ఎందరినో స్వస్థపరచిన అపొస్తలుడు తన శరీరంలోని ముల్లు తొలగాలని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు. దానిని మోయడానికి చాలినంత కృప దొరికింది. తిమోతికి తరచుగా వచ్చే కడుపు జబ్బుకు ఆయన ఇంటి వైద్యం చెప్పాడు. త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వెళ్ళాడు. ఈ ముగ్గురిలో ఎవరి విశ్వాసం తక్కువని మనం తీర్పు తీర్చగలం?

మందు, వ్యాయామం కూడా దేవుని చేతిలోనివే

హిజ్కియా మరణకరమైన రోగంతో ఉండగా దేవుడు ప్రార్థన విన్నాడు, బ్రదుకుతావని మాటిచ్చాడు. అయినా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. వాగ్దానమూ పట్టీ కలిసే వచ్చాయి. కనుక ప్రార్థన చేస్తున్నామని ఫిజియోథెరపీ మానకండి. కొన్ని సంగతులు జ్ఞాపకముంచుకోండి.

మొదటిది, చెప్పిన వ్యాయామం చెప్పినన్ని సార్లు చేయండి. మోకాలు వంచడం ఎంత అవసరమో, పూర్తిగా చాపడం అంతే అవసరం. హాయిగా ఉంటుందని రాత్రంతా మోకాలి కింద దిండు పెట్టుకుంటే కాలు వంగి బిగుసుకుపోతుంది. దిండు పెట్టాలనుకుంటే మడమ పైభాగాన పెట్టి, మోకాలు చాపి ఉంచండి.

రెండవది, పని చేసిన తరువాత వాపు వస్తే కాలు ఎత్తులో పెట్టి, గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను ఇరవై నిమిషాలు పెట్టండి. నిన్నటికన్నా వాపు ఎక్కువైతే ఈ రోజు నడక కొంచెం తగ్గించండి. పూర్తిగా మంచం పట్టవద్దు.

మూడవది, మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. గొంతుకూర్చునే మరుగుదొడ్డి బదులు కమోడ్ గాని, కమోడ్ కుర్చీ గాని ఏర్పాటు చేసుకోండి.

నాలుగవది, మందుల షాపులో అడిగి నొప్పి బిళ్ళలు నెలల తరబడి మింగవద్దు. కిడ్నీకి, కడుపుకు చేటు. పచ్చి కోత మీద పసరు కట్లు, నూనె మర్దనలు వద్దు.

అయిదవది, ఓర్చుకోకూడని నొప్పి కూడా ఉంది. జ్వరం, చలి, కుట్ల దగ్గర చీము లేదా నీరు కారడం, ఎరుపు రోజురోజుకూ పెరగడం, పిక్కలో కొత్తగా నొప్పి, వాపు కనబడితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే ఒక్క గంట కూడా ఆగవద్దు, వెంటనే 108కి ఫోను చేయండి. బాగా నడుస్తూ ఉన్న కాలు నెలలు, ఏళ్ళ తరువాత కొత్తగా నొప్పి పుట్టినా చూపించుకోవలసిందే. మూడు నెలలు దాటినా నొప్పి తగ్గుముఖం పట్టకపోతే, "ఓర్చుకో" అన్న మాటతో ఆగిపోక, మళ్ళీ డాక్టరు గారి దగ్గరకు వెళ్ళి కారణం వెదకమని అడగండి. ఓర్పు వేరు, నిర్లక్ష్యం వేరు.

నిద్ర లేక, ఇతరుల మీద ఆధారపడి, మనసు కృంగిపోవడం కూడా ఈ కాలంలో చాలామందికి కలుగుతుంది. ఏడుపు వస్తే ఇంట్లోవారికి చెప్పండి, డాక్టరుకూ చెప్పండి. ఏలీయా వంటి ప్రవక్త బదరీ చెట్టు కింద కృంగి పడుకుంటే దేవుడు అతనికి మొదట పెట్టింది అన్నం, ఇచ్చింది నిద్ర.

మోకరించలేని వారి ప్రార్థన

ఇక మూడవ ప్రశ్న. మన తెలుగు సంఘాలలో మోకాళ్ళ ప్రార్థన అంటే ఎంతో గౌరవం. చాప మీద మోకరించి గంటల కొలది కన్నీటితో ప్రార్థించిన తల్లుల వల్లనే మన సంఘాలు నిలిచాయి. దానియేలు మోకరించాడు, పౌలు సముద్రతీరాన మోకరించాడు, గెత్సేమనేలో మన ప్రభువే మోకరించాడు. కాబట్టి మోకరించలేకపోవడం ఆ తల్లులకు చిన్న నష్టం కాదు. అది వారికి దేవునితో ఉన్న పాత చోటు పోయినట్టు ఉంటుంది.

గాయం పూర్తిగా మానిన తరువాత, డాక్టరు గారు సరేనంటే, మెత్త వేసుకొని కొందరు మోకరించగలుగుతారు. చాలామందికి అది సూదులు గుచ్చినట్టో, మొద్దుగానో ఉంటుంది. వారికి నేను చెప్పేది ఇది. హన్నా నిలుచుండి ప్రార్థించింది, దేవుడు సమూయేలును ఇచ్చాడు. దావీదు యెహోవా సన్నిధిని కూర్చుండి ప్రార్థించాడు. హిజ్కియా మంచం మీద గోడ తట్టు ముఖం తిప్పుకొని ప్రార్థించాడు, దేవుడు పదిహేనేళ్ళ ఆయుష్షు పెంచాడు. నిలుచున్న ప్రార్థన, కూర్చున్న ప్రార్థన, పడుకున్న ప్రార్థన, మూడింటినీ దేవుడు విన్నాడు.

యాకోబు సంగతి ఇంకా మిగిలి ఉంది. హెబ్రీ పత్రిక పదకొండవ అధ్యాయం విశ్వాస వీరుల పట్టిక. యాకోబు జీవితంలో ఆ పట్టికలో వేయదగిన సంగతులెన్నో ఉన్నాయి. బేతేలులో నిచ్చెన ఉంది, యబ్బోకులో పోరాటం ఉంది. పరిశుద్ధాత్ముడు వాటిని వ్రాయించలేదు. చావు దగ్గరపడిన వేళ మనుమలను దీవించి, చేతికర్ర మీద ఆనుకొని దేవునికి నమస్కారం చేసిన ముసలివానినే వ్రాయించాడు. తల్లీ, మీ వాకర్, మీ చేతికర్ర మీ అవిశ్వాసానికి గుర్తులు కావు. దాని మీద ఆనుకొని మీరు తల వంచినప్పుడు, ఆ పట్టికలోని మనిషి నిలబడిన చోటనే మీరు నిలబడియున్నారు.

సంఘానికి ఒక మాట

ఈ చివరి మాట రోగులకు కాదు, మిగిలిన మనకు. సడలిన మోకాళ్ళను బలపరచమని హెబ్రీ పత్రిక పన్నెండవ అధ్యాయం చెబుతుంది. ఆ వెంటనే, కుంటికాలు బెణకకుండా బాగుపడేలా మార్గాలు చదును చేయమంటుంది. ఆ లేఖకుడు ఆత్మసంబంధమైన నడక గురించే వ్రాశాడు. అయినా ఆ మాట మన మందిరపు గుమ్మం దగ్గర అక్షరాలా చేయదగినదే. చాపల పక్కన పది కుర్చీలు వేయించండి. వాటిని వెనుక మూలన వేయక అందరి మధ్యన వేయండి. మెట్లకు పట్టుకొనే కమ్మీ పెట్టించండి. ప్రభురాత్రి భోజనము కుర్చీ దగ్గరకే తీసుకొని వెళ్ళి ఇవ్వండి. "అందరూ మోకరించండి" అని చెప్పే సేవకుడు "మోకరించలేనివారు కూర్చొనే ప్రార్థించండి" అని కూడా చెప్పాలి. రెండు కాళ్ళూ కుంటివైన మెఫీబోషెతుకు దావీదు తన బల్ల యొద్దనే చోటిచ్చాడు గదా!

ఇంట్లోవారలారా, "ఇంకా తగ్గలేదా?" అని రోజూ అడగకండి. సాయంత్రం పూట పక్కన ఇరవై అడుగులు వారి నడకతో నడవండి. ఆ ఇరవై అడుగులలో మీరు వారికి చదును చేసిన మార్గమవుతారు.

ప్రార్థన చేసుకుందాం. కూర్చున్నవారు కూర్చొనియుండండి, పడుకున్నవారు పడుకొనియుండండి.

ప్రేమగల మా పరలోకపు తండ్రీ, నొప్పితో మేల్కొనియున్న నీ బిడ్డలను నీ సన్నిధికి తెచ్చుచున్నాము. నీవు త్వరగా స్వస్థపరచగలవని నమ్ముచున్నాము. నీవు మెల్లగా స్వస్థపరచుచున్నప్పుడు ఓపిక దయచేయుము. నొప్పి మిగిలియున్నచోట నీ కృపను దానికన్న ఎక్కువగా ఉంచుము. వైద్యులకు, నర్సులకు, వ్యాయామం చేయించువారికి జ్ఞానమును, ఇంటివారికి మృదువైన మాటను ఇమ్ము. ఏ తల్లియు నీ మందిరములో తన కుర్చీని బట్టి సిగ్గుపడకుండునట్లు మా సంఘములను దిద్దుము. యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.